పదమూడో గడి

నాదమే మేనుగా, నిశ్శబ్దమే ఊపిరిగా వెలిగే తల్లీ, వాగ్దేవీ! ఏ దేశపు బిడ్డ ఏ వాద్యం మీద వేలు మోపినా ఆ వేలికొసన మేలుకొనేది నీవేనని పెద్దలు చెప్పారు. మంచుగడ్డల నడుమ బతికేవారి ఇళ్ళలోనూ నీకు ఒక పీట వేసి ఉంటుందని నేను కళ్ళారా చూశాను. ఒక చిన్న తప్పు ఎన్ని చేతులు మారి, చివరకు ఎవరి ఒడిలో వచ్చి పడిందో చెప్పబోతున్నాను. మాట తడబడకుండా, తక్కెడ ఒకవైపు ఒరగకుండా నీవే నడిపించు.

ఆరో నంబరు పిల్లవాడు పియానో ముందరి బల్ల దిగి, నేర్పినట్లే నడుము దగ్గర మడతపడి నమస్కరించి వెళ్ళిపోయాడు. లియొకేడియా విసోస్కీ అతని కాగితంలో ‘అత్యుత్తమం’ అన్న మాట కింద గీత గీసి, సంతకం చేసి, దాన్ని బోర్లించి తక్కిన అయిదింటి మీద పెట్టింది. గోడ గడియారంలో పదిన్నర కావస్తోంది. లూథరన్ల గుడి నేలమాళిగలో ఆదివారపు బడి గది అది. కుర్చీలు ఆమె మోకాళ్ళ ఎత్తు, గోడ మీద నోవహు ఓడ, ఉన్నిగుడ్డలో కత్తిరించి అతికించిన గొర్రెలు. పుట్టుక మొదలు అరవైతొమ్మిదేళ్ళుగా కాథలిక్కైన తాను ఏటా ఫిబ్రవరిలో ఒక శనివారం ఈ గొర్రెల మధ్య తీర్పరి పీఠం ఎక్కడం ఆమెకు లోలోపల చిరునవ్వు తెప్పించే సంగతి. ఈ గంటలో పదకొండుమంది పిల్లలు, పదకొండుసార్లు ఒకే మజుర్కా, పోలండు నాట్యపు పాట. ఒక్క పుట, నిలువుగీతలు విడదీసిన ముప్ఫైరెండు గళ్ళు, మొదటి పదహారూ రెండుసార్లు. వాయిస్తే నిమిషం దాటి కొంచెం. మూడు దెబ్బల నాట్యం, రెండో దెబ్బ మీద ఒరుగు. నూరేళ్ళ పైచిలుకు కిందట ఎవరో సంగీతపు పంతులు, పెద్దల నాట్యశాలలోని ఆ హుషారును పిల్లల వేళ్ళకు అందేటట్లు కత్తిరించి కుట్టిన చిన్న చొక్కా వంటిది.

తలుపు కొంచెం తెరుచుకుని మార్లిస్ తల దూర్చింది. ఈ పోటీలన్నీ నడిపించే మనిషి ఆమె. “లియొకేడియా, కాఫీ పొయ్యనా? మా లూథరన్ కాఫీ తాగావని మీ ఫాదరుకి చెప్పన్లే.” “వద్దు మార్లిస్. పోయినేడు తాగాను, ఆ పాపానికి అదే శిక్ష.” మార్లిస్ నవ్వు నడవాలోకి పోయింది, ఏడో నంబరు లోపలికి వచ్చింది. పేరు లేదు, ఊరు లేదు, నేర్పిన గురువెవరో తెలియదు, నంబరొక్కటే. పిల్ల తన పుస్తకాన్ని తీర్పరి ముందు పెట్టాలి, అది అచ్చుపుస్తకమే కావాలి, గళ్ళన్నిటికీ పెన్సిలుతో అంకెలు వేసి ఉండాలి. తీర్పరికి ఎవరైనా ఆనవాలు చిక్కితే కలం కింద పెట్టి లేవాలి. లియొకేడియాకు ఈ నిబంధన మొదటినుంచీ ఇష్టం. మొహాలు లేని న్యాయం శుభ్రంగా ఉంటుంది, కడిగిన దుంపలాగా. ఇందాక నాలుగో నంబరు పిల్ల ఇరవైయొకటో గడిలో అచ్చయి ఉన్న స్వరాన్ని ఒకదాన్ని విడిచిపెట్టింది, వేలు అందక. ఆ పిల్లకు ‘ఉత్తమం’ వేసింది, దాని కింద రెండు మంచిమాటలు రాసింది, మరి దాని గురించి ఆలోచించలేదు. అచ్చులో ఉన్నది వాయించాలి. వాయించనివారికి పై మెట్టు లేదు.

ఏడో నంబరు వేళ్ళు చలికి బిగుసుకుని ఉన్నాయి, మొదటి గళ్ళలో స్వరాలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఈ కాలపు పిల్లలకు వేడిపుట్టించే పొట్లాలున్నాయి, చించి చేతుల్లో పెట్టుకుంటారు. తన కాలంలో జేబుకొక ఉడికిన బంగాళాదుంప. నాన్న కోటు తొడిగి, రెండు జేబుల్లో రెండు దుంపలు వేసి, కన్యాస్త్రీల మఠం దాకా ట్రక్కులో దింపేవాడు. సిస్టర్ బెనిగ్నా పాఠం అయ్యాక ఆ దుంపల్ని చెరొకటి తిందామనేది, ఉప్పు లేకుండానే. ఆమె నాట్యమాడరాని సన్యాసిని. అయినా నాట్యపు పాటలు ఆమె నేర్పినట్లు ఎవరూ నేర్పలేదు. నల్లటి అంగీ అంచు కదలకుండా, లోపల ఎక్కడో మోకాలు మాత్రం ఆడేది, గుడ్డ మీద నీడ ఆడినట్లు. తన ఇంట్లోని పాత పుస్తకం ఆమె ఇచ్చినదే. పాఠం చివరి పుటలోని మజుర్కా దాకా రాకముందే ఆమెను షికాగో మఠానికి మార్చేశారు. సైకిలు గొలుసులో పడి ఆ పుటే చిరిగింది. నాన్న వంటింటి బల్లమీద దాన్ని పరిచి, దుంపల బస్తాలకు చీటీలు అంటించే గోధుమరంగు జిగురుపట్టీ తీసి, విత్తనపు దుంపను కోసేంత శ్రద్ధతో కత్తిరించి, నాలుకతో తడిపి, చిరుగు మీద అతికించాడు. ఒక కొస అరవేలెడు కిందికి దిగింది. అప్పుడు ఆమెకు తొమ్మిదేళ్ళు. గురువు లేకుండా, ఆ పుట చూసుకుని, తానే నేర్చుకుంది. ఏడో నంబరు నమస్కరిస్తోంది. చలి చేతులతో మొదలుపెట్టి వెచ్చని చేతులతో ముగించింది, అత్యుత్తమం.

ఎనిమిదో నంబరు పరుగు. పిల్లవాడు మజుర్కాను కుందేలును తరిమినట్లు తరిమాడు, రెండో దెబ్బ ఒరగడానికి చోటివ్వలేదు. ఆ ఒరుగు కాగితం మీద ఎక్కడా రాసి ఉండదు, చూసినవాడికే తెలుస్తుంది. పెళ్ళిళ్ళలో, దుంపల గిడ్డంగి ఊడ్చి కడిగి వేసిన నాట్యాల్లో, నాన్న బరువైన బూట్లతో ఆ రెండో దెబ్బను నేలకు అప్పగించేవాడు, మూడో దెబ్బకు తిరిగి తీసుకునేవాడు. ఇరవైనాలుగేళ్ళప్పుడు, పట్టా పుచ్చుకుని ఇంటి ముందుగదిలో పాఠాలు మొదలుపెట్టిన కొత్తలో, ఒకసారి ఆమె ఇది వాయిస్తుంటే వంటింట్లోంచి ఆడుతూ వచ్చి మధ్యలో తూలి, గోడ పట్టుకున్నాడు. ఇంట్లో ఆమెను లోజా అనేవాడు. “ఇదిగో లోజా, అక్కడ నీ ఎడంచెయ్యి ఒక దుంప జారవిడిచిందే. కాలెయ్యబోతే కింద నేల్లేదు.” “నాన్నా, పుస్తకంలో అంతే ఉంది.” “పుస్తకమేమన్నా ఎప్పుడైనా డాన్సు చేసిందటే?” “నువ్వెప్పుడైనా పుస్తకం చదివావా?” అంది తాను. ఆయన నవ్వాడు. కోపం తెచ్చుకుని ఉంటే బాగుండేదని తరువాత చాలాసార్లు అనిపించింది, ఇప్పుడు అంతగా అనిపించదు; కాలం మాటల అంచులను కూడా అరగదీస్తుంది. ఎనిమిదో నంబరుకు ఉత్తమం. ‘నెమ్మదిగా నడిచేవాడికే ఊరు కనిపిస్తుంది’ అని కింద రాసింది.

తొమ్మిదో నంబరు బూట్లు బయటే విప్పి, ఉన్ని మేజోళ్ళతో వచ్చింది. తొమ్మిదీ పదీ నడుమ వయసు, ముందు పన్ను ఒకటి లేదు. పుస్తకం పెట్టి, బల్ల ఎత్తు తానే తిప్పి సరిచేసుకుని, చేతులు ఒడిలో ఉంచుకుని, మూడు లెక్క పెట్టుకుంది. పెదవులు కదలడం కనిపించింది. కాగితం పై మూలలో ‘3’ అని ఉంది: రెండేళ్ళు వరుసగా అత్యుత్తమం, ఇది మూడోది, ఇదీ వస్తే బంగారుపూత కప్పు. వాయించసాగింది. మొదటి వరుసలోనే లియొకేడియా వెన్ను నిటారయింది. రెండో దెబ్బ ఒరుగుతోంది. ఎవరో చూపించారు ఈ పిల్లకు, లేదా ఎవరో చూసినవారు నేర్పారు. అలల మీద పడవ ముక్కు దించి ఎత్తినట్లుగా, తొందర లేకుండా, గర్వం లేకుండా, నాట్యం ఆ చిన్ని వేళ్ళలో నిలబడి ఉంది. తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు. పదమూడో గడి. మూడో దెబ్బ దగ్గర ఎడమచేయి గాలిలోకి లేచి ఆగింది. ఖాళీ. కుడిచేయి ఒంటరిగా ఆ సందు దాటింది. మళ్ళీ మొదటినుంచి, మళ్ళీ పదమూడు, మళ్ళీ ఆ చేయి అంతే ఎత్తుకు లేచింది, మర్యాదగా, తలుపు తీసి పట్టుకున్నట్లు. ఇది మరపు కాదు. ఇది నేర్పిన ఖాళీ. లోకంలో ఈ పాట అచ్చయిన ప్రతి పుస్తకంలోనూ అక్కడ ఒక స్వరం ఉంది. లేనిది ఒక్క పుస్తకంలో, ఒక్క ఇంట్లో.

ఆమె చూపు ముందున్న పుటమీదికి దిగింది. కొత్త ముద్రణ, తెల్లని కాగితం. పదమూడో గడిలో మూడో దెబ్బ మీది స్వరాన్ని ఎవరో పెన్సిలుతో అడ్డంగా కొట్టేసి, పైన ఊపిరి గుర్తు పెట్టారు: చిన్న కొడవలి, దాని పిడికి ఒక చుక్క. ఆ చుక్క పెట్టే అలవాటు తనది. తన దగ్గరనుంచి ఒక్కరే ఎత్తుకున్నారు దాన్ని.

పాట అయిపోయింది. పిల్ల నమస్కరించి, తీర్పరి వేలు పుటమీద ఎక్కడ ఆగి ఉన్నదో చూసింది. “అదా మేడమ్? అది అచ్చుతప్పండి. మా మిస్సే కొట్టేసింది. వాళ్ళ టీచరు చెప్పిందంట, ఆవిడకి అన్నీ తెలుసంట.” తలుపు దగ్గర మార్లిస్ చెయ్యి ఊపింది. “ష్ష్! పాపా, నంబరు తప్ప ఇంకేం చెప్పకూడదమ్మా ఇక్కడ.” పిల్ల నోరు మూసుకుంది, పన్ను లేని సందు మాత్రం మూతపడలేదు. “నువ్వెళ్ళి బయట కూర్చో తల్లీ. పుస్తకం కాసేపు నా దగ్గర ఉండనీ,” అంది లియొకేడియా. తన గొంతు మామూలుగానే ఉన్నందుకు కొంచెం ఆశ్చర్యపడింది.

రోజలిన్ జబ్లెస్కీ. పదకొండేళ్ళ పిల్ల, రెండు జడలు, ఎనభైయొకటో సంవత్సరం, నెలకొకసారి పిల్లలందరూ ఒకరి ముందు ఒకరు వాయించుకునే ఆదివారం. రై రొట్టె, ప్లమ్ జామ్, కిటికీ అద్దాల మీద మంచుపూలు. “టీచర్, మా మిల్వాకీ అత్తయ్య పుస్తకంలో ఇక్కడొక స్వరం ఉందండీ. నేను చూశాను.” వాయించి చూపించింది కూడా. విన్న చెవికి ఆ క్షణంలోనే తెలిసింది. అది తెలిసిన సంగతి ఇన్నేళ్ళకు ఇంత నింపాదిగా ఒప్పుకోగలగడం విచిత్రం. అయినా పట్టీ గీకి చూడలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. “అయితే మీ అత్తయ్య దగ్గరే నేర్చుకో. ఈ ఇంట్లో పదమూడో గడి మూడో దెబ్బ ఖాళీ.” పిల్లలు నవ్వారు. రోజలిన్ నవ్వలేదు, ఏడవలేదు, చేయి ఎత్తి ఖాళీగా వాయించింది. ఆ తరువాత ఎప్పుడూ ఖాళీగానే వాయించింది. రెండువేల మూడులో, నాన్న పోయిన అయిదేళ్ళకు, వేడిగాలికి ఎండిన చలికాలపు గదిలో, జిగురు పొడి అయి ఆ పట్టీ దానంతట అదే ఊడి, ఎండుటాకులాగా మీటల మీద పడింది. దాని కింద స్వరం. నల్లగా, గుండ్రంగా, ఏమీ జరగనట్టు. ఆమె పియానో మూత వేసి టీ కాచుకుంది. ఆ వారం నుంచి కొత్త పిల్లలకు స్వరంతోనే నేర్పింది. పాతవారికి చెప్పలేదు. ఒకడు పళ్ళవైద్యుడు, ఒకతె పాల కేంద్రంలో గుమాస్తా, అందరూ మరిచిపోయే ఉంటారు, ఎవరికని ఫోను చేస్తారు? ఒక్కరికి చెయ్యాలి. వారందరిలోనూ పియానో నేర్పే మనిషి అయింది ఒక్కతే, పన్నెండు మైళ్ళ దూరంలోనే ఉంది. ప్రతి శుక్రవారం చేపల విందులో ఎదురవుతుంది. “బావున్నారా టీచర్?” “ఆఁ, మోకాళ్ళొక్కటే.” ఆ మాటకూ ఈ మాటకూ నడుమ పదహారేళ్ళు. ఫాదరు ముందు పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్ళినప్పుడు పది ఆజ్ఞలనూ వరుసగా తలచుకుంటూ ఇది దేని కింద వస్తుందని వెదికేది. హత్య కాదు. దొంగతనం కాదు. పొరుగువాని మీద అబద్ధసాక్ష్యం దగ్గర ప్రతిసారీ కొంచెం ఆగి, కాదులే అనుకుని, కోపం, సోమరితనం వంటి తేలికపాటివి నాలుగు చెప్పి విభూది మరకలాగా తుడుచుకుని వచ్చేది.

కలం రెండు మాటల మీద నిలబడి ఉంది. అత్యుత్తమం అని గీస్తే పిల్లకు కప్పు వస్తుంది, రోజలిన్‌కు ఏమీ తెలియదు, తప్పు మరొక తరానికి దాటుతుంది. పైగా నాలుగో నంబరు పిల్ల వేలు అందక విడిచిన స్వరానికి తాను చేసిన న్యాయం వెటకారమవుతుంది. ఉత్తమం అని గీస్తే నిబంధన నిలుస్తుంది, తన తప్పుకు తొమ్మిదేళ్ళ పిల్ల కప్పు పోగొట్టుకుంటుంది, కాగితం అడుగున తన సంతకమే ఉంటుంది. రెంటిలో ఏది గీసినా లియొకేడియా విసోస్కీకి చీమ కుట్టినంత నొప్పి లేదు. ఆ సంగతి ఆమె కొంత సేపు, వేరొకరి చేతిరాత చదివినట్లు, చదివింది. తక్కెడలో రెండు పళ్ళాలూ ఎదుటివాళ్ళవే. తూచే చేతికి బరువు లేదు. ఆనవాలు చిక్కితే కలం కింద పెట్టాలి. ఆనవాలు చిక్కింది, మరి ఎవరి ఆనవాలు? ఆమె కలం మూతపెట్టింది. ఆ చప్పుడు ఉన్ని గొర్రెల దాకా వినిపించినట్లనిపించింది.

“మార్లిస్, ఈ పిల్లని నేను తూచలేను. పక్క గదిలో ఇంకొకరి చేత వినిపించు.”

“ఇదేంటి లియొకేడియా! ఇరవైరెండేళ్ళలో నువ్వు కలం కింద పెట్టింది లేదే. చుట్టమా?”

“అలాంటిదే.”

“బయట తల్లులు బారులు తీరి కూర్చున్నారు. ఎందుకు మారుస్తున్నావంటే ఏమని చెప్పేది నేను?”

“నేనే చెప్తాను. పది నిమిషాలియ్యి.”

నడవాలో గోడ పొడుగునా మంచు కారుతున్న బూట్లు, వాటి పైన అంతే బారున తల్లులు, ఇద్దరు ముగ్గురు పంతులమ్మలు, కాఫీ పాత్ర సన్నగా కుతకుతలాడుతోంది. అందరూ తలలెత్తారు, తీర్పరి గంట మధ్యలో గది దాటి రావడం ఎవరూ చూడలేదు. కాఫీ పాత్ర పక్కన రోజలిన్ కూర్చుని ఉంది, నలభైతొమ్మిదేళ్ళు, జడలు లేవు, పక్కన పన్ను లేని పిల్ల బిస్కత్తు తింటోంది. లియొకేడియా మనసులో మర్యాదైన వాక్యం ఒకటి ఉంది, మొదలూ చివరా అమర్చినది. పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, ఇద్దరి మధ్యనే. కాని ఆ ఆదివారం నవ్విన పిల్లలు ఎంతమందో లెక్క గుర్తుకొచ్చింది: ఏడుగురు. ఇక్కడ అంతకంటె ఎక్కువమందే ఉన్నారు, చాలు. ఆమె నిలబడ్డచోటునుంచే మాట్లాడింది.

“రోజలిన్, ఎనభైయొకటిలో, మా ఇంట్లో, పిల్లలందరి ముందూ నువ్వు చెప్పింది నిజం. పదమూడో గడిలో స్వరం ఉంది. మా నాన్న అంటించిన కాగితం కింద ఉంది. నేను చూడలేదు, నువ్వు చూశావు. తప్పు నాది.”

రోజలిన్ కాఫీ గ్లాసు నేలమీద పెట్టింది. “ఎప్పుడు తెలిసింది మీకు?”

ఇక్కడ ‘ఇప్పుడే’ అనవచ్చు. ఆ మాట నాలుక మీదకు వచ్చి, గుటకతో వెనక్కు పోయింది. “కళ్ళతో చూసి పదహారేళ్ళయింది.”

“పదహారా.” ఎవరో తల్లి దగ్గబోయి ఆపుకుంది. “అంటే మొన్న శుక్రవారం చేపల దగ్గర కూడా తెలుసన్నమాట.”

“తెలుసు.”

“మోకాళ్ళొక్కటేనన్నారు.”

“అన్నాను.”

“నేను నలభైమంది పిల్లల పుస్తకాల్లో ఆ స్వరం కొట్టేశాను టీచర్. అచ్చువాళ్ళకి ఉత్తరం కూడా రాశాను, మీ పుస్తకంలో తప్పుందని. జవాబు రాలేదు. ఎందుకు రాస్తారు, పిచ్చిదనుకుని ఉంటారు.”

లియొకేడియా తన చేతిలోని పిల్ల పుస్తకం వైపు చూసింది. క్షమించమని అడగడం కూడా ఇంకొకరి దగ్గరనుంచి ఏదో తీసుకోవడమే అనిపించింది. పిల్ల బిస్కత్తు పొడి దులుపుకుని పెద్దలిద్దరినీ మార్చి మార్చి చూసింది. “అయితే వాయించెయ్యనా మిస్? నా వేలు ఎప్పుడూ అటే పోతుంది. నువ్వే కదా ఆపుతావు.”

కాఫీ దగ్గర ఒకావిడ ఫక్కున నవ్వేసింది. మార్లిస్ చేతిలోని నిబంధనల పుస్తకం ముందుకూ వెనక్కూ తిప్పి, “దీని గురించి ఇందులో ఏం లేదు. ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదు కాబట్టి ఎవరూ రాయలేదు,” అని మూసేసింది. రోజలిన్ లేచి చెయ్యి చాపింది. “ఇలా ఇవ్వండి పుస్తకం.” టీచర్ అనలేదు. సంచిలోంచి రబ్బరు తీసి, పుస్తకాన్ని మోకాలి మీద ఉంచుకుని, కొడవలినీ చుక్కనూ అడ్డగీతనూ ఒక్కొక్కటే చెరిపింది, కాగితం చిరగకుండా, ఊదుతూ. కింద స్వరం ఎలా ఉన్నది అలాగే ఉంది. పిల్ల ఆ పుస్తకం చంకన పెట్టుకుని, మేజోళ్ళతో జారుకుంటూ, పక్క గది తలుపు వెనక మాయమైంది.

ఒక కుర్చీ ఖాళీగా ఉన్నా లియొకేడియా కూర్చోలేదు; కూర్చోమని ఎవరూ అనలేదు. తాను రేపటినుంచి ఈ ఊళ్ళో ఏమని చెప్పుకోబడుతుందో ఆమెకు స్పష్టంగానే తెలుసు. ఆ తెలియడంలో భయం కోసం వెదికితే అది ఉండవలసినంత లేదు. చలిలోంచి లోపలికి వచ్చినవాడికి చేతులు మండినట్లు, ఎక్కడో ఒకచోట మాత్రం మంటగా ఉంది. తలుపు వెనక మూడు లెక్కపెట్టేంత నిశ్శబ్దం. తరువాత మజుర్కా. చెక్కతలుపు గుండా పై స్వరాలు సన్నబడి, ఎడమచేయి మాత్రం గట్టిగా వస్తోంది. తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు. పదమూడో గడిలో మూడో దెబ్బ పడింది, అవసరమైనదానికంటె కొంచెం పెద్దగా, కొత్తగా వచ్చిన బంధువు గుమ్మంలోనే గట్టిగా పలకరించినట్లు.

రోజలిన్ ఆమె వైపు తిరగలేదు. తలుపునే చూస్తూ, “రెండోసారి కూడా వాయిస్తుందంటారా?” అంది.

“వినాలి,” అంది లియొకేడియా.

ఇద్దరూ విన్నారు.

ఈ కథ విన్న చెవులన్నీ చల్లగా ఉండుగాక. తప్పు చూపిన చిన్నవారి మాట పెద్దల మనసుకు ఎక్కుగాక. తెలిసినది చెప్పడానికి ఎవరికీ పదహారేళ్ళు పట్టకుండుగాక. పాడేవారికి గొంతూ, వాయించేవారికి వేలూ, ఊరికే వినేవారికి ఓర్పూ ఆ నాదరూపిణి సదా ప్రసాదించుగాక.